కెజియా ఫొటో బాగా వచ్చిందని చెప్పాను

ఇది ముందే ఎందుకు రాయలేదని మీరు అడగవచ్చు. అప్పట్లో నాకు అక్షరాలు రావు, అందుకే రాయలేదు. నలభై దాటాక, మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో పనివాళ్ల కోసం మధ్యాహ్నం పూట పెట్టిన క్లాసులో నేర్చుకున్నాను. ఇప్పుడు పేపరు చదువుతాను. ఇలా రాయగలుగుతున్నాను. కానీ ఆ కారణం చెప్పి తప్పించుకోలేను. రాయడం రాకపోయినా నోరుంది కదా. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట చెప్పకుండా కొన్నేళ్లుగా ఆమె ఎదుటే కూర్చుని అన్నం తింటున్నాను. ముద్ద దిగుతుంది. దిగకపోతే బాగుండుననిపిస్తుంది.

నేను పుట్టింది హైదరాబాదు పుప్పాలగూడలోనే. మేం కిరాయికి ఉన్న రేకుల ఇల్లు పోయి అక్కడ టవర్లు లేచాక, ఆ టవర్లలోనే ఒక ఫ్లాట్‌లో వంటకు కుదిరాను. ఆ ఇంటావిడది గుంటూరు వైపు. నర్సుగా చేసి రిటైరయింది. అందరూ సిస్టరమ్మ అంటారు. భర్త చాలాకాలం కిందటే పోయాడు. ఒక్కతే కూతురు, కెజియా. రాయదుర్గంలో ఆఫీసు. సెలవు రోజున పాత రీలు కెమెరా మెడలో వేసుకుని తిరిగేది. బ్లాక్ అండ్ వైట్ రీలే వేసేది. డెంగీ జ్వరం వచ్చి, ఆసుపత్రి నుంచి ఇంటికి రాకుండానే పోయింది.

సిస్టరమ్మకు అప్పటికే కళ్లలో నీటికాసులు, డాక్టర్లు గ్లకోమా అనే జబ్బు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలవాలంటే రోజూ చుక్కలు వేసుకోవాలి. ఉన్నది తక్కువే. ఫోన్లో కూతురి ఫొటోలు ఎన్నో ఉన్నాయి, కానీ ఫోను వెలుగు ఆమెకు పొగలా కనిపించేది. కాగితం మీద నలుపూ తెలుపూ స్పష్టంగా ఉంటే కొంత ఆనేది. కెజియా చివరి రీలులో ఒకే ఒక్క బొమ్మలో తను ఉంది. ఆఫీసు లిఫ్టు అద్దంలో తనను తాను తీసుకుంది. మెడలో ఐడీ కార్డు, గుండెల దగ్గర కెమెరా. దాన్ని పెద్దగా ప్రింటు వేయించి, కళ్లు పూర్తిగా పోకముందే తృప్తిగా చూసుకోవాలని సిస్టరమ్మ కోరిక. ఆమెకు ఇంకో కోరిక ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు.

ఆ నెగటివ్‌ను ఎవరి చేతిలో పడితే వారి చేతిలో పెట్టనంది. ముందుగా అదే రీలులోంచి అంత ముఖ్యం కాని ముక్క ఒకటి, మేడ మీది నీళ్ల ట్యాంకు బొమ్మ ఉన్నది, మూడు ల్యాబులకు ఒకరి తర్వాత ఒకరికి పంపించింది. మూడు ప్రింట్లూ వచ్చాక పొద్దుటి ఎండలో బాల్కనీ బల్ల మీద పరిచింది. కవర్లు బోర్లా పెట్టించింది. పేరు ముందు చూస్తే మనసు అటే లాగుతుందట. బొమ్మ చూసి ఎంచుకోవాలి, ఆ తర్వాతే కవరు తిప్పి పేరు చూడాలి. ఆసుపత్రిలో ఎవరి రక్తమో తెలియకుండా పరీక్ష చేసేవాళ్లమని చెప్పింది.

ఆమె భూతద్దం పట్టుకుంటే నేను పక్కన నిలబడి చూశాను. "కళ్లు నాకిచ్చేసి నువ్వు గుడ్డిగా వంట చేసుకోకూడదటే?" అని నవ్వింది. ఒక ప్రింటులో తెలుపు కాస్త ఆకుపచ్చకు తిరిగింది. ఇంకోదానిలో నీడంతా తారు పూసినట్టు ఒకే నలుపు. మూడోదానిలో మాత్రం ట్యాంకు నీడలో కూడా ఇటుకలు కనిపించాయి. నిచ్చెన మెట్లు సిస్టరమ్మ వేలితో ఒక్కొక్కటీ చూపించింది. అంతగా కనిపించింది ఆమెకు. "ఇదే. రేపు పేరు చూసి ఫోను చేద్దాం" అని, ఏ కవర్లోని ప్రింటును ఆ కవర్లోనే నా చేత పెట్టించి, వాటిని ముట్టుకోవద్దని చెప్పి లోపలికి వెళ్లింది. అలసిపోయింది. నేను ఇప్పుడు అనుకుంటాను, ఆ పూటే కవరు తిప్పి చూసి ఉంటే? కానీ తప్పు ఆమె అలసట మీద ఎందుకు వేయాలి?

మధ్యాహ్నం కుండీలకు నీళ్లు పోస్తుంటే చెంబు జారింది. కవర్లు తడిశాయి. కంగారుగా ప్రింట్లు తీసి తుడిచాను, కవర్లు ఎండలో ఆరబెట్టాను. ఆరాక చూస్తే మూడూ ఒకే రంగు కవర్లు, మూడింటి మీదా రాత. ఏది ఎవరిదో నాకెలా తెలుస్తుంది? ప్రింట్ల వెనక ఏమీ లేదు. ఉన్నా చదవలేను. తోచినట్టు పెట్టేశాను. సరిగ్గా పడి ఉంటుందిలే అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, లేక అనుకోవాలని అనుకున్నానా? సాయంత్రం టీ ఇస్తూ చెప్పబోయాను. ముట్టుకోవద్దన్నవి ముట్టుకున్నానంటే ఏమంటుందోనని ఆగాను. రేకుల ఇల్లు పోయాక నాకు ఆ ఇంట్లో చిన్న గది ఇచ్చింది. ఆ గది పోతుందని భయం. భయపడదగ్గ మనిషి కాదు ఆమె. అది కూడా నాకు తెలుసు.

మర్నాడు ఆమె మంచి ప్రింటు ఏదో నన్నడిగి, దాని కవరు మీద పేరు భూతద్దంతో చదువుకుని ఫోను చేసింది. నెగటివ్ నాకిచ్చి పంపింది. కొండాపూర్ లోపలి రోడ్డులో దుకాణం. మంచి ల్యాబయితే చీకటి గది ఉంటుంది, ఎర్ర బల్బు ఉంటుంది అని సిస్టరమ్మ ముందే చెప్పింది. అక్కడ చీకటి గది లేదు. గోడల నిండా పెళ్లి ఆల్బమ్‌లు, ఒక మూల గుయ్యిమనే మిషను. ఆ క్షణంలో నాకు అర్థమైంది. కవరు మారిందని అర్థమైంది. వెనక్కి తిరిగి ఆటో ఎక్కి ఉండవచ్చు. నెగటివ్ ఇంకా నా చేతి సంచిలోనే ఉంది. కౌంటరు వెనక మనిషి చెయ్యి చాపాడు. ఇచ్చేశాను.

కొన్నాళ్లకు ప్రింటు వచ్చింది. ఆటోలోనే విప్పి చూశాను. కెజియా ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా పోయింది. ముక్కు లేదు, పెదవులు లేవు. నుదుటి నుంచి గడ్డం దాకా ఒక గీత. నెగటివ్ పైకెత్తి వెలుగులో చూస్తే దాని మీద కూడా అదే గీత. ఇక ఏ ల్యాబూ దాన్ని బాగుచేయలేదు.

ఇక్కడి వరకు జరిగింది పొరపాటు అని మీరనవచ్చు. దీని తర్వాతిది కాదు. ఇంటికి రాగానే, చెప్పులు విప్పకముందే, ఆ ట్యాంకు ప్రింట్లు మూడూ తీసి చెత్తబండిలో వేశాను. ఎందుకు వేస్తున్నానో తెలిసే వేశాను. ఆ తర్వాతే కెజియా ఫొటో తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె బాల్కనీలోకి వెళ్లింది. దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. భూతద్దం తుడుచుకుంది. చాలాసేపు అలాగే ఉంది.

"ఏమే, ముఖం ఏదీ? నాకేదో తెల్లటి మచ్చలా ఉంది."

ఆమె ఫొటోని నా వైపు చాపింది.

"నువ్వు చూసి చెప్పు. ఎలా వచ్చింది?"

"మంచిగొచ్చిందమ్మా."

"కళ్లు కనబడుతున్నాయా దానివి?"

"కనవడుతున్నయి. ఎంటికలు గూడ కనవడుతున్నయి."

"అయితే ఆ ట్యాంకు ఫొటో పట్రా. అది కనబడిందంటే తప్పు ఈ ప్రింటుది. అదీ కనబడకపోతే తప్పు నా కళ్లది."

"అవి లేవమ్మా. పాత పేపర్లల్ల పోయినట్టున్నయి."

ఆమె నన్ను తిట్టలేదు. తల ఊపింది. "నువ్వు చూశావుగా. పోన్లే" అంది.

ఆ రాత్రి చుక్కల సీసా తీసుకెళితే వద్దంది. మర్నాడూ వద్దంది. "దీని కోసమే ఇన్నాళ్లూ వేసుకున్నా. ఇంక దేన్ని చూడ్డానికి?" అంది. నర్సుగా ఎంతోమంది కళ్లలో చుక్కలు వేసిన మనిషి. మానేస్తే ఏమవుతుందో నాకంటే బాగా తెలిసిన మనిషి. నేను బతిమాలాను, ఏడ్చాను, ప్రార్థన చేయమన్నాను. అన్నీ చేశాను, నిజం చెప్పడం తప్ప. 'అమ్మా, నీ కళ్లు బాగున్నయి, ఫొటోనే ఖరాబైంది' అంటే చాలు, ఆమె సీసా అందుకునేది. నేను ఆ మాట అనలేదు. ఆమె చూపు నెమ్మదిగా పోయింది. నెలలు పట్టింది. ప్రతి పొద్దునా నాకు ఇంకో అవకాశం వచ్చింది, ప్రతి పొద్దునా వదిలేశాను. ఇప్పుడు ఆమెకు కిటికీ ఎటుందో మాత్రం తెలుస్తుంది.

ఆ ఫొటోకి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టించింది. చర్చి నుంచి వచ్చినవాళ్లు దాన్ని చూసి ఒక్క క్షణం ఆగి, చక్కగా ఉందమ్మా అంటారు. పోయిన పిల్ల ఫొటోని బాగాలేదని ఎవరంటారు? వాళ్ల మర్యాద నా అబద్ధానికి సాక్ష్యమైంది. సిస్టరమ్మ ఆ మాట విన్నప్పుడల్లా గోడ వైపు ముఖం తిప్పి నవ్వుతుంది. నేనప్పుడు వంటింట్లోకి వెళ్లిపోతాను.

నన్ను క్లాసుకు పంపింది కూడా ఆమే. చదువొస్తే తనకు పేపరు చదివి పెట్టవచ్చని. రోజూ చదువుతాను. తప్పు చదివితే దిద్దుతుంది. నేను పైకి చదివేదే ఆమెకు లోకం. అలాంటప్పుడు నేను దాచినది ఆమెకు ఏ దారిన తెలుస్తుంది? ఎవరు చెబుతారు? నేను పోయాక ఈ సంగతి ఎక్కడా ఉండదు. అది తలచుకుంటే హాయిగా ఉండాలి. భయమేసింది. అందుకే రాశాను.

ఈ కింది నాలుగు మాటలూ తెల్లారి రాస్తున్నాను. పొద్దున పేపరు వచ్చింది. దాన్ని పక్కన పెట్టి, ఈ కాగితాలు పైకి చదివాను. మధ్యలో ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేను. సిస్టరమ్మ ఎక్కడా అడ్డు రాలేదు. అయిపోయాక ఒక్కటే అడిగింది, ఆ గీత ఎక్కడుందని. లేవదీసి గోడ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె వేలు పట్టుకుని ఫొటో అద్దం మీద నుదుటి నుంచి గడ్డం దాకా జరిపాను. వేలు నా చేతిలోంచి లాక్కుంది. గోడ తడుముకుంటూ ఒక్కతే తన గదిలోకి వెళ్లి గడియ వేసుకుంది. నా గుండె తేలికైంది. అలా తేలికైనందుకు సిగ్గుపడుతూ ఆ తలుపు బయట నేల మీద కూర్చున్నాను.