నడిమింటి కింద పాతర

మా చిన్నాయన పోయిన నెల ధర్మవరం ఆసుపత్రిలో కన్నుమూశాడు. కబురు తెచ్చిన మనిషి గడప దాటకముందే మా నాయన చెప్పులు తొడుక్కుని బస్టాండుకు బయల్దేరాడు. తమ్ముణ్ణి ఎగతాళి చేయకుండా ఒక్క పండగా గడపని ఆయన, కనబడినవాళ్లనల్లా ధర్మవరం బస్సు ఎప్పుడని అడుగుతూ పోయాడు.

చిన్నాయన హిందూపురం కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. కుదురుగా కూర్చోవడం ఆయనకు చేతకాదు. ఎవరింటికి వెళ్లినా ముందు మడమతో నేలను తట్టి చెవి ఒగ్గేవాడు. భూమి లోపల బోలు ఉంటే పైనేల ఎలా కుంగుతుందన్నది ఆయన పరిశోధన. సెలవు దొరికితే చాలు, బెంగుళూరు బస్సెక్కేవాడు. అక్కడ, ఆ కాలపు పద్ధతిలో, లెక్కను చిల్లులుగా పొడిచిన అట్టల కట్ట కంప్యూటర్‌కు ఇచ్చి, జవాబు వచ్చేదాకా వరండాలో పచార్లు చేసేవాడట.

"నేలనంతా గళ్లుగా కోసుకోవాలమ్మా. ఒక్కో గడినీ అడగాల, నువ్వు నిలబడతావా పడతావా అని. ఒకటి పడితే దాని పైదాన్ని అడగాల. అంత ఓపిక మనకు యాడుంటాది? ఆ మిషనుకుండాది" అని నాకు చెప్పేవాడు.

ఆయన అట్లా అడిగించిన నేల పెనుకొండలో మా ఇంటిదే. నడిమింటి కింద, వెనకటివాళ్లు ధాన్యం దాచుకున్న పాతర ఉందని అవ్వ చెప్పేది. దాని నోరు ఎక్కడో ఎవరికీ గుర్తులేదు. పైన నాయన సిమెంటు గచ్చు చేయించాడు. ఆ గచ్చంటే ఆయనకు ప్రాణం.

అక్క పెళ్లి కుదిరింది. భోజనాలు నడిమింట్లోనే అనుకున్నారు. చిన్నాయన లెక్క వేయించాడు. భయం లేదని వచ్చింది. పాతర కప్పు రాలినా, రాలిన మన్ను గుల్లబారి ఎక్కువ చోటు తీసుకుంటుంది, బోలు తనంతట తానే పూడిపోతుంది. తవ్విన మన్ను మళ్లీ అదే గుంతలో పట్టదు కదా, ఇదీ అంతే. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. ఆయనకు మాత్రం నిద్ర పట్టలేదు. లెక్కలో పెట్టింది ఎండిన మన్ను, పెళ్లేమో వానాకాలంలో. తడిసిన మన్ను ముద్దకడుతుందే గానీ గుల్లబారదు, బోలు పూడదు. తడిమన్ను పెట్టి మళ్లీ అడిగితే, గచ్చు దాకా గళ్లన్నీ పడిపోయాయి.

"అన్నా, గచ్చు పగలగొట్టి పాతర పూడ్చేద్దాం."

"గచ్చు మీద చెయ్యేస్తే ఊరుకోను. నీ మిషను ఒకతూరి పడదంటాది, ఇంకోతూరి పడతాదంటాది. ఏది నమ్మాలబ్బా?"

చివరికి పెరట్లో పందిరి వేయడానికి మాత్రం నాయన ఒప్పుకున్నాడు. పంక్తి కూర్చోగానే వాన దంచింది. జనం విస్తళ్లు పట్టుకుని నడిమింటికి పరుగెత్తారు. చిన్నాయన గడపలో రెండు చేతులూ అడ్డంగా చాపి నిలబడ్డాడు.

"తిట్టుకోండి, తడవండి, లోపలికి మాత్రం రావద్దండి!"

పెళ్లికొడుకు తండ్రి తోశాడు. చిన్నాయన కదల్లేదు. మగపెళ్లివారు పొరుగిళ్ల అరుగుల మీద, సణుక్కుంటూ తిన్నారు.

గచ్చు పడలేదు. ఆ రోజూ పడలేదు, ఆ తర్వాతా పడలేదు. అది ఆయనకు సంతోషమో అవమానమో నాకిప్పటికీ తెలియదు.

వచ్చినప్పుడల్లా నాయన కదిపేవాడు. "ఏమబ్బా, నీ గుంత పైకి యాడిదాకా వచ్చినాది?"

"వస్తాండాదిలే అన్నా, నిదానంగా వస్తాండాది."

నవ్వేవాడు గానీ కూర్చునేవాడు కాదు, గోడ వెంబడి తిరుగుతూనే ఉండేవాడు. ముసురు పట్టిందంటే, అవ్వను నడిమింట్లో పండుకోబెట్టొద్దని హిందూపురం నుంచి కబురంపేవాడు. మేం విసుక్కునేవాళ్లం. భయం లేదని జవాబు వచ్చాక కూడా మళ్లీ అడిగిన మనిషిని నేను మరొకరిని చూడలేదు. మా కోసం అంత నిద్ర పోగొట్టుకున్నవాళ్లూ మరొకరు లేరు.

చిన్నాయనను పెనుకొండ ఇంటికే తెచ్చాం. బయట సన్నగా చినుకులు. మోసుకొచ్చినవాళ్లు నడిమింట్లో, సరిగ్గా మధ్యన దించబోయారు.

"ఆడొద్దు" అన్నాడు నాయన. "ఆడ నేల మంచిది కాదని వాడు చెప్పినాడు. గోడ వారన పెట్టండప్పా."

వచ్చినవాళ్లంతా గోడలకు ఆనుకుని కూర్చున్నారు. ఇల్లు కిక్కిరిసిపోయినా, నడుమ గచ్చు మాత్రం నున్నగా, ఖాళీగా ఉండిపోయింది.