దస్తీ వేసి ఆపుకున్న రోల్ నంబర్

2020 సెప్టెంబర్. దేవరకొండలో బస్సెక్కితే కండక్టర్ ఓ కునుకు తీసి, కల కని, ఆ కలను డ్రైవర్‌కు పూర్తిగా చెప్పేంత దూరంలో ఒక ఊరుంది. ఆ ఊరి హైస్కూల్లో నేను లెక్కల సారును. కరోనాకు బడి మూతపడి ఆర్నెల్లయింది. గేటు తాళానికి పట్టిన తుప్పుతో నాగలికి కర్రు చేయించుకోవచ్చు.

పాఠాలు టీవీలో వచ్చేవి. మరి నాకేం పని? టీవీ చూశారా అని పిల్లలకు ఫోన్ చేయడం, వాట్సాప్ గ్రూపులో వర్క్‌షీట్ పెట్టడం. వర్క్‌షీట్ అంటే ఆ రోజు పాఠం మీద నాలుగు లెక్కల కాగితం. పిల్లలు దాన్ని చేసి, పైన రోల్ నంబర్ వేసి ఫోటో పంపితే దిద్దాలి. ఎందరు పంపారో సాయంత్రానికి మండల ఆఫీసు వాళ్ల ఆన్‌లైన్ షీటులో ఎక్కించాలి. ఇరవై ఏళ్లు పిల్లల ముఖాలు చూసి పాఠం చెప్పినవాణ్ణి, ఇప్పుడు కాగితం పట్టుకున్న బొటనవేళ్ల ఫోటోలు చూస్తున్నాను. ఒకడి వర్క్‌షీట్‌కు మూల లేదు. మేక తిన్నదట. సాక్ష్యానికి మేకను కూడా ఫోటోలో నిలబెట్టాడు.

ఇట్లా నడుస్తుండగా ఒక పొద్దున మా హెచ్.ఎం. మేడం ఫోన్ చేసింది.

"సార్, తొమ్మిదో తరగతిల పిల్లలెంతమంది?"

"నలభై రెండు మేడం."

"మరి పన్నెండు రోజులకెల్లి నలభై మూడు మంది పంపుతున్నరని ఎక్కిస్తున్నరేంది? నూటా రెండు పాయింట్ మూడు ఎనిమిది శాతం హాజరని చూపిస్తాంది! మన బడిల లెక్కల సారు మీరేనా?"

నాకూ అదే అనుమానం వచ్చింది.

ఫోటోలన్నీ ముందేసుకుని లెక్కపెట్టాను. నలభై మూడు. చల్లనీళ్లతో ముఖం కడుక్కుని, ఇంకోసారి లెక్కపెట్టాను. నలభై మూడే. రోల్ నంబర్ నలభై మూడు అని పైన చక్కగా రాసిన కాగితం ఒకటి రోజూ వస్తున్నది. అది వచ్చేది రేణుక వాళ్ల ఇంటి ఫోన్ నుంచి. రేణుక నంబర్ పదిహేడు. ఒకే పిల్ల పొరపాటున రెండుసార్లు పంపుతుందేమో అంటే, చేతిరాత వేరు. రేణుక అక్షరాలు వానకు చెదిరిన చీమలు. ఈ నలభై మూడువి నారు నాటినట్టు వరుసగా ఉంటాయి. రేణుకకు లెక్కలు వస్తాయి. ఈ నలభై మూడుకు మైనస్ గుర్తు కనపడితే చాలు, దారి తప్పుతుంది.

ఫోన్ చేస్తే రేణుక అన్న ఎత్తాడు. ట్రాక్టర్ నడుపుతాడు. ఆ చప్పుడులోనే అరిచాడు: "మా ఇంట్ల చదివేటిది మా చెల్లె ఒక్కతే సార్!"

ఎందుకైనా మంచిదని ఆ రోజు నలభై రెండే దిద్ది, నలభై రెండే ఎక్కించాను. శాతం వందకు దిగింది, నా బీపీ కూడా దిగింది. మర్నాడు మధ్యాహ్నం గ్రూపులో ఒక ఆడమనిషి గొంతు వాయిస్ మెసేజ్‌గా వచ్చింది: "సార్, అందరివి దిద్దిన్రు. నాది దిద్దలె."

వెంటనే ఫోన్ చేశాను. "ఎవరమ్మా నువ్వు?"

"నలభై మూడు సార్."

"నంబర్ కాదు తల్లీ, పేరు."

"మంజుల. రేణుక వదినను. తొమ్మిదిల చేరిన పది దినాలకే మా బాపు మంచాన పడ్డడు, బడి మాన్పిచ్చిన్రు. ఇప్పుడు రేణుక టీవీ పెడితే నేను గూడ కూసుంటున్న. నంబర్ లేకుంటే దిద్దనని మీరే అంటిరి. ఆఖరుది నలభై రెండని రేణుక చెప్పింది. గందుకే నలభై మూడు రాసుకున్న."

బస్సు కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకున్నవాళ్లను వేలమందిని చూశాను. రోల్ నంబర్ మీద దస్తీ వేసిన మనిషిని చూడటం అదే మొదలు.

"మీ ఆయనకు ఎరుకేనా?"

"నవ్వుతడని చెప్పలె సార్. నాకు పది పాస్ కావాలె. ఏడికి వోయినా ఎంత చదివినవని అడుగుతరు. ఎనిమిది అనంగనే ఇంక ఏం అడగరు."

ఆనాటి నుంచి షీటులో నలభై రెండు ఎక్కించాను, ఇంట్లో నలభై మూడు దిద్దాను.

ఏడాది తిరిగింది. నడుమ ఫిబ్రవరిలో తెరిచింది రెండు నెలలు కూడా నిలవలేదు; 2021 సెప్టెంబర్‌లో బడి పూర్తిగా తెరిచారు. పిల్లలు పదిలోకి వచ్చారు. పండుగ వచ్చినంత సంబరంతో గ్రూపులో రాశాను: "ఫోన్ల పీడ పోయింది. రేపటి నుంచి అందరూ బడికి రండి." నలభై రెండు దండాల బొమ్మలు వచ్చాయి. వెనకనే ఒక మెసేజ్: "సార్, అందరంటే నేను గూడనా?"

ఫోన్‌ను తిరగేసి పెట్టాను. లోకమంతా బడి తెరిచారని మురుస్తుంటే, ఒక్క మనిషికి ఆ రోజే బడి మూతపడుతున్నది.

తెల్లారి ఆమే రేణుక వెంట వచ్చింది, ప్లాస్టిక్ కవర్లో నోటుబుక్కు పట్టుకుని. కొత్త టీచరనుకుని పిల్లలు లేచి "నమస్తే మేడం" అన్నారు. మంజుల గుమ్మం అవతలికి దుంకింది.

"ఎవరీమె?" అంది హెచ్.ఎం. మేడం.

"నలభై మూడు, మేడం."

మేడం కుర్చీలో కూలబడి, రెండు గ్లాసుల నీళ్లు తాగి, అంది: "పాతికేండ్ల మనిషిని రిజిస్టర్ల ఎక్కియ్యలేను. ఓపెన్ స్కూల్ల కట్టు బిడ్డా." రోజూ బడికి రాకుండా చదువుకుని పది పరీక్ష రాసే పద్ధతి అది.

"దాని క్లాసులు ఆదివారం దేవరకొండల ఉంటయట మేడం. ఆదివారం మా ఊరికి బస్సు రాదు. సారు ఫోన్ల చెప్పకుంటే నాకు లెక్కలు రావు."

మేడం నా దిక్కు చూసింది. "పేరు రాయొద్దన్న. పాఠం చెప్పొద్దని నేనన్ననా?"

అట్లా మా బడిలో హైబ్రిడ్ క్లాసు పుట్టింది. హైబ్రిడ్ అంటే కొందరు గదిలో, కొందరు ఫోన్లో. మాకు గదిలో నలభై రెండు, ఫోన్లో ఒకటి. స్టూలు మీద ఇటుక, ఇటుక మీద సుద్దముక్కల డబ్బా, దానికి ఆనించి నా ఫోన్. ఆ గోపురం ఆర్నెల్లలో పదకొండుసార్లు కూలింది. విషయం తెలిసి మంజుల మొగడు నవ్వనే నవ్వాడు. నవ్వి, తన పాత ఫోన్ ఇచ్చాడు.

పత్తి ఏరుతూ వినేది. ఫోన్ ఒడిలో, నా గొంతు గాలిలో. ఒక రోజు మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ అని చెప్పి, "అర్థమైందా?" అన్నాను. "అయింది సార్" అని గదిలో నలభై రెండు గొంతులు. ఫోన్లోంచి మాత్రం పక్క సాలు ముసలమ్మ కేక వేసింది: "ఓ సారూ! రెండు లేనివి కలిస్తే ఉన్నదెట్లయితది? మంజులకు సమజ్ గాలే, నాకూ గాలే. జర మళ్ల చెప్పు!"

గది గొల్లుమంది. మళ్లీ చెప్పాను. మూడోసారి చెప్తుంటే వెనక బెంచీవాడు మెల్లగా అన్నాడు, "ఇప్పుడు సమజైంది సార్." ఇందాక అర్థమైందని అందరికంటే గట్టిగా అరిచింది వాడే.

ఓపెన్ స్కూల్ కట్టి రాసిన పది పరీక్షలో మంజుల అన్నీ పాసై, లెక్కల్లో తప్పింది. అంటే తప్పింది నేను. రెండ్రోజులు బజారుకు పోలేదు. మళ్లీ మొదలుపెట్టాం. మైనస్ ఒక్కదాన్నే నెలరోజులు ఉతికాం. రెండో తడవ ఫలితాలు వచ్చిన రోజు ఫోన్ చేసింది.

"పాసైన సార్."

"లెక్కల్ల ఎన్ని?"

"ముప్పై ఆరు."

"ముప్పై అయిదైతే పాసు గదనే!"

"ఒకటి ఎక్కువనే వచ్చింది సార్."

ఇప్పుడు మా గదిలో గోడంత డిజిటల్ బోర్డు ఉంది. హాజరు కూడా ఫోనే ముఖాలు చూసి వేస్తుంది. ఎవరు బడిలో ఉన్నట్టో, ఎవరు లేనట్టో నాకిప్పటికీ సరిగ్గా తేలదు. ఒకటే అలవాటైంది. ఫోన్ హాజరు వేశాక నేను నోటితో కూడా నంబర్లు పిలుస్తాను, ఆఖరిది అయినంక కాసేపు ఆగుతాను.

"అయిపోయినయి సార్" అంటారు పిల్లలు.

"ఆగుండ్రి," అంటాను, "ఇంకెవరన్న ఉన్నరేమో."