డాంగ్ కొండల్లో ఊట కొలత

సూరత్ పక్కనున్న హజీరాలోని ఒక కర్మాగారంలో నీటి సరఫరా ఇంజనీరుగా పనిచేస్తూ, రిటైర్మెంటు ఇంకా తొమ్మిది నెలలుందనగా, అక్టోబరు మొదట్లో గుజరాత్ దక్షిణాన ఉన్న డాంగ్ కొండలకు వెళ్లాను. కంపెనీ సేవా నిధితో అక్కడి ఒక గిరిజన పల్లెకు మంచినీటి గొట్టాలు వేయించాలి. మోటారు లేదు. పైనున్న ఊట నుంచి నీరు తనంతట తానే దిగి రావాలి.

వానలు అప్పుడే తెరిపిచ్చాయి. ఏ మలుపు తిరిగినా జలపాతమే. పెద్ద జలపాతం పక్కనున్న ఊట కింద ఇరవై లీటర్ల బకెట్టు పెట్టి స్టాప్‌వాచ్ నొక్కాను. చిన్న ఊటలను అలాగే కొలుస్తాం. తొమ్మిది సెకన్లలో నిండింది. హుషారుగా డ్రాయింగు గీసి సంతకం పెట్టాను. వారంలో గొట్టాలు దిగాయి.

తవ్వకం మొదలయ్యే రోజున సోనీబాయి అనే పెద్దావిడ వచ్చి అడ్డంగా నిలబడింది. ఆమె యాస నాకు సగమే అర్థమైంది. మా ఫిట్టరు రాజేశం సూరత్‌లో తెలంగాణ నేతవాళ్లుండే గోడాదరాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఇంటివాడు, అందరితో ఇట్టే కలిసిపోతాడు. అతనే చెప్పాడు.

"సారూ, గీ ఊట హోళీ దాటితె ఎండిపోతదంట. గప్పుడు లోయలకు దిగి నీళ్లు మోస్తరంట. పోయిన ఎండకాలం ఈమె కోడలు బిందెతోని జారిపడి తుంటి ఇరగ్గొట్టుకుంది. జర ఆగుండ్రి."

పని ఆపించాను. దీపావళికి ప్రారంభోత్సవం పెట్టుకున్న మా మేనేజరు మండిపడ్డాడు. ఎలాగూ రిటైరవుతున్నారు, పని కానివ్వమని సంతకం చేసి పొమ్మన్నాడు. చేయనని రాసిచ్చాను. నా కొలత తప్పని కూడా అదే కాగితంలో రాశాను. ముప్పై ఏళ్ల సర్వీసులో అలా రాయడం అదే మొదలు, సిగ్గుగానే ఉండింది.

మే నెలలో మళ్లీ వెళ్లాం. జలపాతం చోట బండ మీద తడి మరక మిగిలింది. ఊటలో బురద. సోనీబాయి మరో ఊట చూపించింది. నలభై సెకన్లకు బకెట్టు నిండింది, ఆ చిన్న పల్లెకు చాలు. కానీ అది వాఘ్‌దేవ్ పక్కన ఉంది. పులిని చెక్కిన కొయ్య స్తంభమే వాళ్ల వాఘ్‌దేవ్. దీపావళి ముందు వచ్చే వాఘ్‌బారస్ నాడు ఊరంతా పూజచేసి అడిగాకే అక్కడ గునపం వేయాలన్నారు ఊరి పెద్దలు.

అప్పటికి నేను ఉద్యోగంలో ఉండను. ఎలాగో ఒప్పించి నా చేతుల మీదుగానే ముగించాలని ఆశ పుట్టింది. రాజేశంతో ఆ మాటే అన్నాను.

"మన పోచమ్మ కాడ అడగకుంట తవ్వుతమా సారూ?" అన్నాడు.

కొత్త డ్రాయింగు సిద్ధం చేసి నా తర్వాతి ఇంజనీరుకు అప్పగించాను. పూజ అయ్యాక పని జరిగింది. మరుసటి మే నెలలో సూరత్ నుంచి బస్సెక్కి వెళ్లి చూశాను. సోనీబాయి కోడలు కుళాయి దగ్గర బిందె నింపుకుంటోంది. చాలా సంతోషమేసింది.

ఊటను నడివేసవిలోనే కొలవాలన్నది ఉద్యోగంలో చేరిన ఏడాదే నేర్చుకున్నాను. గుర్తుండీ వదిలేశాను. అంత నీరు కళ్లెదుట దూకుతుంటే కొరత ఉంటుందని నమ్మబుద్ధి కాలేదు. తప్పు నాదే అయినా, లోయలోకి దిగాల్సి వచ్చేది మాత్రం వాళ్లే.