జడకెక్కిన నూనె చుక్కలు

నీళ్లల్ల నూనె చుక్కలు. కంటికి ఆనవు, గంత సన్నయి. వాటి ఒంటి మీద ఎంత చార్జి ఉన్నదో కొలుసుడు నా పని. జనగామల, కాలేజీ ల్యాబుల, తలుపులు దగ్గరికేసుకొని కూసుంట. గిట్ల చెప్తే ఊళ్లె నవ్వుతరు. నవ్వనీ, నాకేంది!

మిషన్ల లేజర్ వెలుగు పడంగనే తెర మీద చుక్కలు తేలుకుంట కనవడ్తయి. మా ఇంటి పెంకుల సందుల నుంచి ఎండ దిగితే అండ్ల దుమ్ము ఎట్ల ఆడ్తదో, అట్ల. కరెంటు పెడితే అన్నీ ఒక్క దిక్కు మెల్లగ నడుస్తయి. ఎంత జోరుగ నడిస్తే అంత చార్జి. చార్జి ఉన్నన్ని దినాలు ఒకదాన్నొకటి దగ్గరికి రానియ్యవు, పాల లెక్క తెల్లగ ఉంటయి. అది పోయిందా, అన్నీ కలిసిపోయి నూనె మీదికి తేల్తది. వాటిని చూసుకుంట అన్నం తినుడు కూడ మరిచిపోతుంటి.

పోయిన ఎండకాలం ఒక సీసా కుదిరింది. నువ్వుల నూనె చుక్కలకు పాల ప్రోటీన్ పూత పట్టిచ్చి శివరాత్రికి చేసిన. ఎండలు ముదిరినా ఇరగలే. సెలవులైనంక సార్‌కు ఆ సీసా చూపెడితేనే నా పరిశోధన ముందటికి పోతది, లేకుంటే మళ్ల మొదటికే. హాస్టల్ల ఫ్రిజ్ ఖరాబైందని, సీసాకు తడిగుడ్డ చుట్టి, ఒళ్లె పెట్టుకొని రైలెక్కిన. గార్ల దగ్గర మా తండకు తెచ్చి, ఇంట్ల ఫ్రిజ్‌ల పెట్టి నిమ్మళంగ పండుకున్న.

తెల్లారి లేచేసరికి యాడి, అంటే మా అమ్మ, గిన్నె ముందటేసుకొని పరేషాన్‌ల కూసున్నది.

"నీ పాలు తోడుకోలే బిడ్డా. ఏ బర్రెయో ఏమో, గింత నూనెనా!"

సీసా ఖాళీ. నేను హాస్టల్ల బక్కగయిన్నని, పొయ్యేటప్పుడు గడ్డపెరుగు కట్టిద్దామని, రాత్రి గోరువెచ్చగ చేసి పుల్లటి పెరుగు గంటెడు వేసిందంట. పులుపు తగిల్తే ఆ పూతకు చార్జి ఉంటదా? గిన్నెల అడుగున తెల్ల ముద్దలు, పైన నూనె.

"నా బొంద పాలు! అవి పాలు గావు యాడీ, నా చదువు!" అని అరిచిన. గోడకు కూలబడి ఏడ్చిన.

యాడికి ఏం సమజైందో ఏమో. జరసేపటికి పైన తేలిన నూనెను గంటెతోటి మెల్లగ తీసింది. నన్ను గడప కాడ కూసోపెట్టుకున్నది.

"పారబొయ్య మనసొస్తలేదు బిడ్డా. నువ్వు చేసిన నూనె గద."

వేళ్లతోటి తలకు పట్టిచ్చి, గట్టిగ జడేసింది. ఆ వేళ్ల కింద నా కోపం ఎటు పోయిందో నాకే తెల్వదు.

రైలు మహబూబాబాద్ దాటింది. ఒళ్లె ఖాళీ సీసా. కిటికీ గాలికి జడ ముందటికొచ్చి నువ్వుల వాసన కొడ్తున్నది. కండ్లు మూస్తే తెర మీది చుక్కలే, ఒక్క దిక్కు నడుసుకుంట. సీసా ఏదమ్మా అని సార్ అడిగితే ఏం చెప్పాలె?

జనగామల దిగి, మళ్ల మొదటి నుంచి షురూ చేసిన. తలకు మాత్రం చాన దినాలు నీళ్లు పోసుకోలే.