సముద్రపు గుర్రాలకు మంచినీళ్ళు

మా ఆయనకు ఏ పిచ్చి పట్టినా సగం సగం పట్టదు. ఒక ఏడాదంతా ఇంట్లో బ్రెడ్డు కాల్చాడు. ఇంకో ఏడాది బాల్కనీ నిండా గోంగూర పెంచి, పరిచయం ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ కట్టలు పంచాడు. ఆ తర్వాత ఒకరోజు ఆఫీస్ నుంచి వస్తూనే, సీహార్స్‌లు పెంచుదామనుకుంటున్నానన్నాడు. మేముండేది అమెరికాలోని బెంటన్‌విల్‌లో. సముద్రం చూడాలంటే పది గంటలు కారు నడపాలి. గుర్రాలు కావాలంటే ఊరి బయట బోలెడున్నాయి, వాటినే చూసి రమ్మన్నాను.

నా మాట ఎవరు వింటారు? వారం తిరక్కుండానే హాల్లోకి నిలువెత్తు గాజు తొట్టి వచ్చింది. అందులో ఉప్పు కలిపిన నీళ్ళు, పట్టుకుని వేలాడడానికి ప్లాస్టిక్ నాచు, గాజుకు పట్టే పాచిని తినడానికి డజను నత్తలు. అసలువాటిని మాత్రం నలభై రోజుల దాకా తేకూడదట, నీళ్ళు పక్వానికి రావాలట. ఆ నలభై రోజులూ మా ఆయన ఖాళీ నీళ్ళ ముందు కూర్చుని చుక్కల మందులతో పరీక్షలు చేశాడు. మా ఇంటికి వచ్చిన ఒక పిల్ల తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగి, "అంకుల్, ఫిష్ ఏది?" అని అడిగింది. "వస్తయమ్మా" అన్నాడు, పెళ్ళివారి కోసం చూస్తున్నవాడిలాగా. వాటికి చల్లని నీళ్ళే పడతాయట, ఏసీ పగలూ రాత్రీ ఆగేది కాదు. ఆగస్టు నెలలో నేను ఇంట్లో శాలువా కప్పుకుని ఆఫీస్ కాల్స్‌లో కూర్చున్నాను.

చివరికి పార్సిల్ పెట్టెలో ఆలుమగలు దిగాయి. ఆడది పసుపు, మగది ముదురు గోధుమ. సంచిలోంచి తొట్టిలోకి దింపడానికి నేను చెయ్యి పెట్టాను. మగది నా చూపుడువేలికి తోక చుట్టి, వదలనంది. వేలంత లేదు, ఎంత పట్టు! అప్పటిదాకా నేనన్న మాటలన్నీ ఆ క్షణాన మర్చిపోయాను. మా ఆయన మాత్రం మర్చిపోలేదు. ఇప్పటికీ గుర్తు చేస్తుంటాడు.

వీటికి పొట్ట అనేది ఉండదు. తిన్నది తిన్నట్టు పోతుంది, దాచుకునే చోటు లేదు. అందుకని రోజుకు మూడుసార్లు పెట్టాలి. ఐసులో ఉన్న చిట్టి రొయ్యల్ని కరిగించి, సన్నని గొట్టంతో మూతి ముందు వదలాలి. వెంటనే తినవు. ఒక కన్ను ఇటు, ఒక కన్ను అటు తిప్పుతూ, కూరగాయల బండి దగ్గర వంకాయలు ఏరేవాళ్ళలా ఆ రొయ్యను అన్ని వైపుల నుంచీ పరిశీలిస్తాయి. నచ్చితే 'టిక్' మని పీల్చేస్తాయి. ఆ చప్పుడు గాజు బయటికి కూడా వినిపిస్తుంది. నేను ఇంటి నుంచే పనిచేస్తాను కాబట్టి మధ్యాహ్నం వడ్డన నాది. నెల తిరిగేసరికి ఆఫీస్ సంగతులన్నీ వాటికే చెప్పుకోవడం మొదలుపెట్టాను. అవి మా మేనేజర్ కంటే శ్రద్ధగా వినేవి.

తొట్టిలో నీళ్ళు రోజూ కాస్త ఆవిరవుతాయి. ఉప్పు మాత్రం అందులోనే ఉండిపోతుంది. అందుకని రోజుకో చెంబెడు ఉప్పులేని శుద్ధమైన నీళ్ళు పోసి మట్టం సరిచేయాలి. ఆ పనీ నాకే వచ్చింది. "స్టోర్ల తెచ్చిన క్యాన్ నీళ్ళే పొయ్యి. ఇంకేం వద్దు" అని మా ఆయన గట్టిగా చెప్పాడు. క్యాన్ నీళ్ళంటే నాకు మొదటినుంచీ చిన్నచూపు. సారం లేని నీళ్ళు. మా ఇంట్లో తాగే నీళ్ళు రాత్రంతా రాగి బిందెలో ఉండాల్సిందే. ఆ బిందెను చీరల మధ్య పెట్టి సూట్‌కేసులో తెచ్చుకున్నాను. పదకొండేళ్ళుగా ఆ నీళ్ళు తాగే మేమిద్దరం గుండ్రాళ్ళలా ఉన్నాం. మాకు మంచివి వాటికి చేదా? పైగా బిందెలోవీ క్యాన్ నీళ్ళేగా, నేను మాట దాటిందెక్కడ? నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. రోజూ పొద్దున బిందెలోంచి ఒక చెంబు ప్రేమగా పోశాను. మా ఆయనకు చెప్పలేదు, చెబితే అరగంట క్లాసు పీకుతాడు.

మూడు వారాలకు ఒక నత్త గాజు మీంచి జారి అడుగున పడింది. మర్నాటికి నాలుగు. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాం. చచ్చిన నత్తల వల్ల నీళ్ళు పాడయ్యాయి. ఆ గురువారం నుంచి మగది తినడం మానేసింది. రొయ్యను మూతి ముందు వదిలితే చూసేది కూడా కాదు. నాచుకు తోక చుట్టుకుని తల వేలాడేసుకుంది. కడుపులో దాచుకోవడం తెలియని ప్రాణి, ఎన్నాళ్ళు ఆగుతుంది?

ఇక నేను పోలీసునయ్యాను. ముద్దాయి ఒక్కడే. పోయిన శనివారం సాంబ్రాణి వేసింది ఎవరు? తలకు కొబ్బరినూనె రాసుకుని ఆ చేతులే తొట్టిలో పెట్టింది ఎవరు? గడ్డం గీసుకుని ఆ ఘాటు సెంటు కొట్టుకునేది ఎవరు? నేను ఒక్కోటి అనడం, ఆయన ఒక్కోటి మానేయడం. సాంబ్రాణి బంద్, నూనె బంద్, సెంటు బంద్. ఆపరేషన్‌కు వెళ్ళే డాక్టరులా మోచేతుల దాకా కడుక్కుని తొట్టి దగ్గరికి వచ్చేవాడు. ఒక్కసారైనా ఎదురు చెప్పి ఉంటే బాగుండేది.

శనివారం గంటన్నర కారు నడుపుకుంటూ చేపల దుకాణానికి వెళ్ళాం. దాన్ని నడిపే పెద్దావిడ అంతా విని ఒక తెల్లటి మెత్త ఇచ్చింది. ఫిల్టర్‌లో పెడితే అది నీళ్ళలోని చెడు పీల్చుకుంటుందట. ఏ చెడుకు ఆ రంగు తిరుగుతుందట. నీలంగా మారితే మాత్రం రాగి ఉన్నట్టేనని, నత్తలకు అంతకు మించిన విషం లేదని చెప్పింది. అది విన్నప్పుడు కూడా నాకు ఏమీ తట్టలేదు, ఒట్టు.

ఆదివారం పొద్దున ఆయన మెత్త తీసి వెలుగులో పట్టుకున్నాడు. నీలిమందులో ముంచినట్టుంది.

"కాపరా? మనింట్లకు కాపర్ ఎక్కడికెల్లి వచ్చిందే?" అన్నాడు. ఆయన వీపు వెనక, వంటింటి గట్టు మీద, ముందురోజే చింతపండుతో తోమిన బిందె ధగధగా మెరుస్తోంది.

గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోవడం ఒక్కటే తక్కువ. "పైపులేమో" అన్నాను. ఆ తొట్టిలోకి ఒక్క చుక్క పంపు నీరు పోదని ఇద్దరికీ తెలుసు. ఆయన తొట్టి మోటారు మొత్తం విప్పి, ప్రతి మరా ముందేసుకుని కూర్చున్నాడు. తను ఆన్‌లైన్‌లో కొన్న ఒక లోహపు క్లిప్ మీద అనుమానపడ్డాడు. ఈలోగా నేను బిందెను బట్టల అలమరలో సూట్‌కేసుల వెనక దాచాను. నిజంగా దాచాను. ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గేస్తోంది.

మధ్యాహ్నానికి ఆయన నా దగ్గరికి వచ్చాడు. "నాతోని కాదే. ఏదో తప్పు చేస్తున్న, ఏందో దొరుకుతలేదు. ఆ షాపామె దగ్గరుంటే బతుకుతయ్. ఇచ్చేద్దాం." కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకు. అప్పుడైనా నోరు విప్పాలి కదా? విప్పలేదు.

మూత పెట్టిన చిన్న బకెట్ నా ఒళ్ళో, స్టీరింగ్ ఆయన చేతిలో. హైవే ఎక్కాక మూత తీసి చూశాను. పట్టుకోవడానికి నాచు లేదు కదా, రెండూ ఒకదాని తోక ఒకటి పట్టుకుని ఉన్నాయి. ఇక నావల్ల కాలేదు.

"కారు ఆపు."

"ఏందే, నీళ్ళు ఒలికినయా?"

"తప్పు నాది. రాగి బిందెలో నీళ్ళు పోశాను. మూడు వారాల పైనుంచీ. బిందె సూట్‌కేసుల వెనకుంది."

ఆయన తర్వాతి గ్యాస్ స్టేషన్‌లోకి తిప్పి ఆపాడు. ఇంజన్ కట్టేసి నా వైపు తిరిగి, "మళ్ళొకసారి చెప్పు" అన్నాడు.

"రాగి బిందెలో..."

"బిందె ముచ్చట కాదు. దానికన్నా ముంగట."

"తప్పు నాది."

స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు ఊగిపోతున్నాయి. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. బకెట్ ఒలక్కుండా పట్టుకోవడమే కష్టమైంది. కాసేపటికి నవ్వు ఆపి, "నేను మోటర్ అంతా విప్పుతుంటే చూసుకుంట కూసున్నవా?" అని మాత్రం అడిగాడు. నేను బకెట్ మూత సరిచేశాను. ఆయన మళ్ళీ అడగలేదు. కారు వెనక్కి తిప్పాడు.

మెత్త మార్చాం, సగం నీళ్ళు మార్చాం, జంటను మళ్ళీ తొట్టిలోకి వదిలాం. సోమవారం మూడు పూటలూ మగది మొహం తిప్పుకుంది. మంగళవారం పొద్దున ఆయన బాత్రూంలో ఉంటే గొట్టం నేనే పట్టుకున్నాను. రొయ్య మెల్లగా దాని మూతి ముందుకు దిగింది. ఒక కన్ను కదిలింది. రెండో కన్నూ కదిలింది.

టిక్.

అపార్ట్‌మెంట్ అదిరేలా ఆయన్ని కేకేశాను. నోట్లో బ్రష్షు, గడ్డం నిండా నురగ, పరుగెత్తుకుంటూ వచ్చాడు. మొహంలో రక్తం లేదు.

"ఏమైందే? నేనేం చేసిన?"

సంతోషంతో తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది నాకు. "నువ్వేం చెయ్యలేదు. ఇటు రా" అని పక్కకు జరిగి, గొట్టం ఆయన చేతికిచ్చాను.