తవుడుకు కొన్న కొడుకు

పోయిన ఆదివారం నిజామాబాద్‌లో మా అబ్బాయికి తొట్టెల వేడుక చేశాం. ముందురోజంతా నా భార్య, మరదలు ఫోన్లో పేర్లు చదువుతూ కూర్చున్నారు. ఒకదానికి వెలుగని అర్థం, ఇంకొకదానికి విజయమని, మరొకదానికి ఆకాశపు అంచని. అర్థం బాగుండాలి, పేరు చిన్నగా ఉండాలి, వీధిలో ఇంకెవరికీ ఉండకూడదు, ఇవీ షరతులు. సరదాకి మరదలు నా పేరు వెతికితే ఎక్కడా దొరకలేదు. నా పేరు పెంటయ్య. పల్లెల్లో పుట్టిన నా ఈడువాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు, మీ బడిలోనూ ఒక పెంటయ్య ఉండే ఉంటాడు.

మాది బోధన్ పక్కన ఎడపల్లి. మా వైపు తల్లిని అవ్వ, తండ్రిని బాపు అంటాం. నాకు ముందు మా అవ్వకు ముగ్గురు పుట్టి, పురిట్లోనే పోయారు. నేను పుట్టగానే బాపు తల్లి నన్ను చాటలో వేసి, తీసుకెళ్ళి పశువుల పెంటకుప్ప మీద పెట్టిందట. పక్కింటి పెద్దమ్మ ఏమీ ఎరగనట్టు అటుగా వచ్చి, ఎవరో పారేసిన పిల్లాడని ఎత్తుకుంటే, అవ్వ చాటెడు తవుడు ఇచ్చి నన్ను కొనుక్కుంది. పారేసినదాన్ని చావు కూడా ముట్టదని వాళ్ళ లెక్క.

ఆ లెక్కకు నియమాలున్నాయి. కొత్త బట్ట కట్టకూడదు, నలుగురిలో ముద్దాడకూడదు, మంచి మాట అసలే అనకూడదు. అవ్వ ఏ ఒక్కటీ తప్పలేదు. ఒకసారి బాపు బోధన్ అంగడి నుంచి కొత్త అంగీ తెస్తే, దాన్ని బూడిదలో పొర్లించి, రంగు చచ్చాకే నాకు తొడిగింది.

తమ్ముడు పుట్టేసరికి నేను బతికి తిరుగుతున్నాను కాబట్టి ఇంటికి గండం తప్పిందనుకున్నారు. వాణ్ని కుప్ప మీద పెట్టలేదు. మధుకర్ అని పేరు పెట్టారు. చెరుకు కోతకు వచ్చిన మరాఠీ ఆడవాళ్ళు సైతం ఆగి వాణ్ని ఎత్తుకునేవాళ్ళు. అవ్వ "మధూ" అని పిలుస్తుంటే, ఆ పిలుపు వినడానికి నేను దొడ్లో పని ఆపి నిలబడేవాణ్ని. నాలుగేళ్ళవాణ్ని వానకాలపు జ్వరం తీసుకుపోయింది. శవం వాకిట్లో ఉండగానే అవ్వ నా వైపు చూసి, ఊరంతా వినేలా అంది:

"పూలల్ల పెట్టుకున్నోడు పాయె. పెంటల పారేసినోడు బతికిండు."

పదో తరగతిలో పరీక్షల కాగితాలు పంపే ముందు మా సారు, పాపం దయతోనే, ఈ పేరుతో రేపు ఉద్యోగంలో ఎట్లా నెగ్గుకొస్తావు, మంచి పేరొకటి చెప్పు, మార్చి రాస్తానన్నారు. నేను ఆలోచించలేదు. మధుకర్ అన్నాను. ఆ పేరు నాదైతే అవ్వ ఒక్కసారైనా నన్నలా పిలవక తప్పదని ఆశ. సంగతి ఎవరు చెవిన వేశారో గానీ, మర్నాడే అవ్వ చెరుకు తోటలోంచి చేతిలో కొడవలితో అలాగే బడికి వచ్చింది.

"పెంట మీద దొరికిన పీనుగకు గా పేరెందుకు సార్? ఆడు పెంటిగాడే. గట్లనే రాయుండ్రి."

సారు నచ్చజెప్పబోయారు. అవ్వ తల అడ్డంగా ఊపింది.

"అది నా కొడుకు పేరు సార్."

ఆమె గడప దాటిందో లేదో, వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు.

"మరి నువ్వెవని కొడుకువురా పెంటిగా? తవుడిచ్చి మేం గూడ కొనుక్కుంటం!"

తరగతంతా నవ్వింది. కాగితాల్లో పెంటయ్యగానే మిగిలాను, డిప్లొమాలోనూ, ఉద్యోగంలోనూ.

అవ్వ పోయి రెండేళ్ళయింది. చివరిదాకా నన్ను ఇంకోలా పిలవలేదు. ఆ రోజు బడిలో భయంతో అన్నదో, మనసులో ఉన్నదే అన్నదో నేటికీ తేల్చుకోలేకపోయాను. పదిహేనేళ్ళవాడికి ఆ రెండింటికీ తేడా లేదు.

ఇప్పుడు పిల్లల్ని తిట్టి దాచుకునేవాళ్ళు లేరు. మొన్న వేడుకలో వచ్చినవాళ్ళంతా బంగారమన్నారు, చందమామన్నారు, ఫోటోలు తీసి లోకానికంతా పంపారు. నేను నవ్వుతూనే ఉన్నాను గానీ, ఒక్కొక్కరు మెచ్చుకున్నకొద్దీ తొట్టెలకు ఇంకాస్త దగ్గరగా జరిగాను. వాణ్ని ఛీ అనడానికి ఆ హాల్లో ఒక్క మనిషీ లేడు. పోనీ నేనే అందామని తొట్టెల మీదికి వంగాను. వాడు కళ్ళు తెరిచి చూశాడు. నాకు నోరు రాలేదు.

అవ్వకు రోజూ ఎలా వచ్చిందో.