చేవెళ్ల కరుణమ్మ, తిరిగి తిరిగి వచ్చిన బియ్యం

చేవెళ్ల ఉపదేశి స్వామిదాసు భార్య కరుణమ్మకు దేవుడు ఓపిక తక్కువేమీ ఇవ్వలేదు. కాని ఇచ్చినదంతా బియ్యం కుండ ముందరే ఖర్చయిపోయేది.

ఆ ఊరి క్రైస్తవ సంఘంలో ఒక ఆచారం ఉన్నది. ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా దేవుని పేరు తలచుకొని పిడికెడు బియ్యం తీసి ఒక చిన్న కుండలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం కొంగున కట్టుకొని గుడికి తెచ్చి, ముందర పెట్టిన వెదురు బుట్టలో పోస్తారు. ఆ బుట్ట ఉపదేశి ఇంటికి చేరుతుంది. ఇరవై ఇండ్ల బియ్యం ఒక్క బుట్టలో! పాతవి, కొత్తవి, లావువి, సన్నవి, నూకలు. ఎసట్లో పోస్తే నూకలు గంజి అయ్యేసరికి పాతబియ్యం ఇంకా పలుకు మీదే ఉండేవి. పదిహేనేండ్లుగా కరుణమ్మ గంటె పట్టుకొని ఆ అన్నంతో పోట్లాడుతూనే ఉన్నది.

"ఇవి బియ్యం కావు, మన సంఘమే. ఒకరు ఉడికితే ఒకరు ఉడకరు," అనేది.

స్వామిదాసు నవ్వి ఊరుకునేవాడు. ఆయనకు కోపమంటే తెలియదు. కరుణమ్మకు ఉన్న పెద్ద కోపం అదే.

చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా ఊరూరూ ఆయన కాలినడకన తిరిగేవాడు. ఎవరికి జ్వరమొచ్చినా మంచం పక్కన కూర్చొని ప్రార్థన చేసేవాడు. చదువు రానివాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టేవాడు. పంతొమ్మిది వందల నలభై వానకాలంలో ఆయన కాలికి ముల్లు గుచ్చుకున్నది. నెల దాటినా పుండు మానలేదు. ఎంత నీళ్లు తాగినా దూప తీరదు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. పక్క చేను సాయిలు చూడలేక, పిలవకుండానే బండి కట్టుకొచ్చి ఇద్దరినీ మిషను దవాఖానకు తీసుకుపోయాడు.

డాక్టరమ్మ పరీక్ష చేసి చెప్పింది.

"మూత్రంల తీపి పోతున్నది. మందులు ఇస్త. కాని తెల్లన్నం బంద్ చెయ్యాలె. జొన్నలు, కొర్రలు, సజ్జలు, తైదలు, మీ దిక్కు పండేవే తినాలె. క్రిస్మసు ముందర మళ్ల రా. అప్పటికి పుండు మానకపోతే నడక మాన్పియ్యమని మిషనుకు రాస్త. నీ చోట ఇంకొకరిని పంపుతరు."

వచ్చేటప్పుడు బండిలో స్వామిదాసు, "నడవకపోతే నేనేం ఉపదేశిని కరుణా," అన్నాడు. అంతే. ఆ ఒక్క మాట కరుణమ్మ గుండెలో ముల్లయి కూర్చున్నది.

బండి తోలుతున్న సాయిలు మాత్రం వెనక్కి తిరిగి పకపకా నవ్వాడు. "గింతేనా అయ్యగారు! మా ఇంట్ల పొద్దున జొన్నల గటక, పగటికి రొట్టె, రాత్రికి మళ్ల గటకనే. గీ ముచ్చట నన్నడిగితే నేనే చెప్పకపోదునా? దవాఖాన దాక వోయి గటక తినమని చెప్పించుకుంటిరి!"

ఇంటికి రాగానే కరుణమ్మ అసలు మాట ఎత్తింది.

"ఈ ఆదివారం గుడిలో చెప్పుండ్రి. బియ్యం బదులు జొన్నలు తెమ్మనుండ్రి."

"ఎట్ల చెప్తనే? దేవునికని పిడికెడు పిడికెడు దాచి తెస్తున్నరు. ఇది నాకు పడది, అది తెండ్రి అని కానుకకు వంక పెడ్తనా?"

"దేవుడు అన్నం తింటలేడు. తినేది మీరు."

"చూద్దాం తియ్యి."

ఈ "చూద్దాం తియ్యి" అన్న మాట మీద కరుణమ్మకు ఎంత కసి అంటే, ఆ మాట విన్నరోజు చేటలో బియ్యం చెరిగితే సగం వాకిట్లో పడేవి.

ఆయన చెప్పడు. సరే, మనమే చూసుకుందామని కరుణమ్మ షాబాద్‌లో తల్లిగారింటికి పోయి, పాతరలోంచి తీసిన జొన్నలు ఒక మూట తెచ్చుకున్నది. ఇసుర్రాయి కడిగి ఆరబెట్టి పిండి పట్టింది. మరిగే నీళ్లు పోసి పిండి కలిపి, అరచేత్తో తిప్పుతూ తడుతూ రొట్టె చేసి పెనం మీద వేసింది. పైన తడిచెయ్యి రాసి తిప్పి నిప్పుల మీద నిలబెడితే రొట్టె బుస్సున పొంగింది. పక్కన పుంటికూర పప్పు, ఎర్రకారం, ఒక ఉల్లిగడ్డ.

స్వామిదాసు కండ్లు మూసి ప్రార్థన చేశాడు. ఆ రోజు ప్రార్థన మామూలుకంటే పొట్టిగా అయిపోవడం కరుణమ్మ గమనించింది. మొదటి రొట్టె మాట లేకుండా తిన్నాడు. రెండోది తుంచుతూ, "మా అమ్మ గిట్లనే చేసేది," అన్నాడు. మూడోది అడిగి వేయించుకున్నాడు. పదిహేనేండ్లలో ఆయన అడిగి వేయించుకోవడం అదే మొదలు.

సరిగ్గా అప్పుడే వాకిట్లో విమలమ్మ గొంతు వినిపించింది. విమలమ్మ సంఘపెద్ద సాముయేలు భార్య. ఆదివారం బియ్యం బుట్ట పట్టుకొని నిలబడేది ఆమే. ఆమె గొంతు వినగానే స్వామిదాసు, యాభై ఏండ్ల మనిషి, తువ్వాల తీసి రొట్టె మీద కప్పాడు!

కప్పితే దాగుతుందా? ఇల్లంతా రొట్టె కాలిన వాసన.

"అయ్యగారికి రొట్టెనా?" విమలమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. "అయ్యో దేవా! ఇంట్ల బియ్యం ఒడిసినయా కరుణమ్మా? నోరు తెరిచి చెప్పొద్దా తల్లీ!"

కరుణమ్మ మొగుని వైపు చూసింది. ఇప్పుడన్నా చెప్పు అని కండ్లతోనే అడిగింది. ఆయన, "ఏం లేదమ్మా, ఊరికెనే," అని నీళ్లు తాగాడు.

విమలమ్మ ఎంత మంచిదంటే, అదే రోజు ఇల్లిల్లూ తిరిగింది. మన పిడికెళ్లు చిన్నగైనయి, అయ్యగారింట్ల పస్తులు పడుతున్నరు అని చెప్పి కండ్లు తుడుచుకున్నది. ఆ ఆదివారం బియ్యం బుట్టను ఇద్దరు మోయవలసి వచ్చింది. ఆ బుట్ట వంటింట్లో దింపాక కరుణమ్మ దాని ముందు కూలబడి, "ప్రభువా, వీండ్ల ప్రేమ నుంచి నన్ను కాపాడు," అన్నది.

తల్లిగారి జొన్నలు నెలకే అయిపోయాయి. మళ్లీ ఏ ముఖంతో పోయి అడిగేది? ఆ చింతతోనే ఒకరోజు నీళ్లకు పోతుంటే అంతమ్మ ఎదురుపడింది. అంతమ్మ కూలి చేసుకొని బతికే ముసలామె, ఒంటరిది. కొంగులో ఏదో మూట కట్టుకొని దుకాణం వైపు పోతున్నది.

"కొంగుల ఏంది అవ్వా?"

"జొన్నలు బిడ్డా. దుకాణంల ఇచ్చి బియ్యం తెచ్చుకుంట. రేపు ఆదివారం కద. రెండు సోలల జొన్నలు పోస్తె సోలెడు బియ్యం ఇస్తడు."

కరుణమ్మ బిందె కింద పెట్టింది. "మరి రోజు ఎసట్ల నుంచి పిడికెడు తీస్తలేవా?"

"నా ఎసట్ల బియ్యమెక్కడివి బిడ్డా? నేను తినేది గటక. ఇక్కడ పండేదే జొన్న. సగం మంది గిట్లనే మార్చుకుంటరు."

కరుణమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జొన్నలు తినేవాళ్లు జొన్నలమ్మి బియ్యం తెచ్చి, జొన్నలు తినవలసిన మనిషి ముందు పోస్తున్నారు!

"ఆ జొన్నలు నాకే ఇయ్యి అవ్వా. గుడికి అవే తే."

అంతమ్మ రెండు చెవులూ పట్టుకున్నది. "దేవుని బుట్టల జొన్నలు పోస్తనా? ఊకో తల్లీ!"

"సరే, గుడికి వద్దు. మా ఇంటికి తే. సోలెడుకు సోలెడు బియ్యం నేనిస్త."

అలా మొదలైంది. వారం తిరిగేసరికి అంతమ్మతోపాటు మరో నలుగురు కరుణమ్మ పెరటి తలుపు తట్టారు. దుకాణంలో సగమే వచ్చే బియ్యం ఇక్కడ సరికి సరి. కొందరు కొర్రలు తెచ్చారు, కొందరు సజ్జలు. కరుణమ్మ కొర్రలు దంచి పొట్టు చెరిగి, నానబెట్టి అన్నం వండింది. సజ్జరొట్టెలో నువ్వులు అద్దింది. తైదంబలిలో, అంటే రాగుల అంబలిలో, మజ్జిగ పోసి ఉప్పు వేసి పొద్దున్నే తాగించింది. స్వామిదాసు అన్నీ మెచ్చుకుంటూ తిన్నాడు. ఇవన్నీ ఎక్కడివి అని మాత్రం అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని ఆయన భయం. ఆ సంగతి కరుణమ్మకు తెలుసు. ఆమె ఒళ్లు మండేది అక్కడే. అయినా పుండు అంచులు దగ్గరపడుతున్నాయి గనుక ఊరుకున్నది.

ఊరుకున్నది గాని, ఒక సంగతి ఆలోచించలేదు. పెరటి తలుపు నుంచి పోయిన బియ్యం ఆదివారం బుట్టలో పడి వీధి తలుపు నుంచి మళ్లీ ఇంట్లోకే వస్తున్నాయి. ఆ బియ్యం అట్లా రెండు నెలలు తిరిగాయి. పురుగులకు కూడా తిరిగి తిరిగి దారి అలవాటైంది.

డిసెంబరు మూడో ఆదివారం అంతమ్మ బుట్టలో కొంగు విప్పింది. విమలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. బియ్యం కొన్ని దోసిట్లోకి తీసుకొని వెలుతురుకు పట్టి చూసింది. ఒక్కో గింజ మీద ఎర్రటి గీత. ఆ రకం వడ్లు ఆ చుట్టుపక్కల సాముయేలు కుంట కింది మడిలో తప్ప ఎక్కడా లేవు.

"ఇవి మా మడి బియ్యం. పోయిన నెల నేనే ఈ బుట్టల పోసిన. నీ కొంగులకు ఎట్ల వచ్చినయి అంతమ్మా?"

అంతమ్మ కరుణమ్మ పేరు చెప్పలేదు. దొంగ అన్న మాట మీద పడుతున్నా తల వంచుకొని నిలబడ్డది.

కరుణమ్మ స్వామిదాసు వైపు చూసింది. ఆయన పుస్తకంలోకి చూస్తున్నాడు. ఇక ఆమె వల్ల కాలేదు.

"నేనిచ్చిన!" అని లేచింది. "జొన్నలు తీసుకొని నేనే బియ్యమిచ్చిన. అంతమ్మ అవ్వను ఒక్క మాట అనకుండ్రి. అయ్యగారు అన్నం తింటే ఆయన కాలు పోతది, నడక పోతది, మాకు ఈ ఊరు పోతది. డాక్టరమ్మ చెప్పింది. మీకు చెప్పుండ్రి అంటే ఈయన చెప్పడు. మీరు పోసుడు ఆపరు. మీ నడుమ నేను నలుగుతున్న!"

విమలమ్మ దోసిట్లోని బియ్యం బుట్టలో వదిలేసింది. అంతమ్మ చెయ్యి పట్టుకొని, "తప్పయింది అక్కా, మనసుల పెట్టుకోకు," అన్నది. తర్వాత కరుణమ్మ వైపు తిరిగింది. "మా మడి బియ్యం మేము తింటమనుకున్నవా? దేవునికని దాచి, మేము గటకే తింటున్నం గద తల్లీ!"

"మేము గూడ," అన్నారు వెనక నుంచి ఎవరో.

అప్పుడు స్వామిదాసు పుస్తకం మూశాడు.

"నాకు జొన్నరొట్టె అంటే పానం. ఉపదేశినైనంక తెల్లబట్ట, తెల్లన్నం ఉండాలె అనుకున్న. సిగ్గయి చెప్పలే. మీరు తినేదే నాకు పెట్టుండ్రి."

గుడిలో నవ్వులు లేచాయి. కరుణమ్మ మాత్రం నవ్వలేదు. పదిహేనేండ్లు! పదిహేనేండ్లు ఆ అన్నంతో తను చేసిన యుద్ధం ఈ పెద్దమనిషి సిగ్గు కోసమా?

క్రిస్మసుకు వారం ముందు డాక్టరమ్మ పుండు చూసింది. మూత్రం చూసింది. "నడువు. కాని చెప్పులు లేకుంట నడవకు," అన్నది. మరునాడే స్వామిదాసు కొత్త చెప్పులు తొడుక్కొని, రెండు సజ్జరొట్టెలు తువ్వాలలో కట్టుకొని మొయినాబాద్ దారి పట్టాడు.

ఆ ఆదివారం బుట్ట ఇంటికి వచ్చింది. కరుణమ్మ మూత తీసి చూసి నెత్తి పట్టుకున్నది. జొన్నలు, సజ్జలు, కొర్రలు, తైదలు, అన్నీ ఒక్క బుట్టలో కలిపి పోశారు! జొన్న ఉడికేసరికి కొర్ర ముద్దవుతుంది. తైదలు ఇసురుదామంటే నడుమ జొన్నలు.

"ఒక్కరికి గూడ వేరే వేరే మూట కట్టాలన్న తెలివి లేదా!" అని అరిచింది.

ఆ అరుపు వాకిట్లోకి వినిపించిందేమో, విమలమ్మ జల్లెడ పట్టుకొని వచ్చింది. ఆమె వెనక అంతమ్మ చేటతో వచ్చింది. ఇద్దరూ బుట్ట ఇరుపక్కలా కూర్చున్నారు.

"ముందుగాల తైదలు జల్లెడ పడుదాం," అన్నది విమలమ్మ. "నువ్వు అరిచింది చాలు గాని, పెనం పెట్టు కరుణమ్మా. పొద్దటి సంది ఏం తినలే."